ఆపరేషన్ బాగా జరిగిందన్నారు, మరి తిన్నది ఎందుకు ఇమడడం లేదు?

వెన్నెల_77
నాన్నగారికి క్యాన్సర్ వల్ల జీర్ణాశయం మొత్తం తీసేశారు. కుట్లు మానాయి, స్కాన్ శుభ్రంగా ఉంది. "ఇక మామూలుగా తినవచ్చు" అని ఒక్క మాట చెప్పి ఇంటికి పంపించారు. ఆ మామూలు ఏమిటో మాకు ఇప్పటికీ అంతు చిక్కడం లేదు. నాలుగు ముద్దలకే కడుపు నిండిపోయిందంటారు. అమ్మ బతిమాలితే ఇంకో రెండు ముద్దలు తింటారు. కాసేపటికి ఒళ్లంతా చెమటలు, గుండె దడ, కడుపులో మెలిపెట్టినట్టు నొప్పి, ఆ వెంటనే విరేచనం. బరువు తగ్గుతూనే ఉన్నారు. "తినకపోతే బలం ఎక్కడినుంచి వస్తుంది" అని అమ్మ పోరు, పళ్లెం చూస్తేనే ఆయన ముఖం తిప్పుకోవడం, మధ్యలో నేను. జబ్బు తిరగబెట్టిందేమోనని నాకు నిద్ర పట్టడం లేదు. ఇలా ఇంకెవరికైనా జరిగిందా? ఎన్నాళ్లకు కుదుటపడుతుంది?

పొట్టలేనిరాయుడు
నా పేరు చూశారుగా, నాదీ అదే బాపతు.

మీరు చెప్పిన చెమటలు, దడ, మెలిపెట్టడం మూడూ కలిస్తే దాన్ని డంపింగ్ అంటారు. జబ్బు తిరగబెట్టడం వేరు, ఇది వేరు. జీర్ణాశయం చెరువుకు తూము వంటిది. తిన్నదాన్ని నిల్వ ఉంచి, నలగ్గొట్టి, కింద ఉన్న చిన్నపేగుకు కొంచెం కొంచెంగా వదులుతుంది. నాన్నగారికి ఇప్పుడు ఆ తూము లేదు. తిన్నదంతా ఒక్కసారిగా పేగులో పడుతుంది. అందులో తీపి ఎక్కువ ఉంటే దాన్ని పలుచన చేయడానికి ఒంట్లోని నీరు పేగులోకి చేరుతుంది. పేగు ఉబ్బుతుంది, రక్తనాళాల్లో ద్రవం తగ్గుతుంది, గుండె వేగం పెరుగుతుంది. తిన్న 10 నుంచి 30 నిమిషాల్లో వచ్చేది ఇదే.

రెండోది ఒకటి ఉంది, అది ఇంకా మాయదారిది. తిన్న గంట నుంచి మూడు గంటల మధ్య వస్తుంది. చక్కెర గబగబా రక్తంలోకి ఎక్కేస్తుంది, దానికి జవాబుగా ఇన్సులిన్ అవసరానికి మించి విడుదలవుతుంది, తర్వాత చక్కెర ధడాలున పడిపోతుంది. చేతులు వణుకుతాయి, కళ్లు తిరుగుతాయి, మాట తడబడుతుంది. తిండికీ దీనికీ సంబంధం ఉందని ఎవరికీ తోచదు, ఎందుకంటే పళ్లెం కడిగేసి చాలాసేపు అయిపోతుంది.

చేయవలసింది: రోజుకు ఆరుసార్లు చిన్న చిన్న భోజనాలు. తినేటప్పుడు నీళ్లు వద్దు, అరగంట ముందు గానీ అరగంట తర్వాత గానీ తాగాలి. ప్రతిసారీ గుడ్డో చేపో పెరుగో, ఏదో ఒక మాంసకృత్తు పళ్లెంలో ఉండాలి. తియ్యటి పానీయాలు పూర్తిగా మానాలి. ముద్ద నోట్లోనే నలగాలి, ఎందుకంటే నలిపే చోటు ఇక అదొక్కటే. ఇక మీ అమ్మగారికి నా మాటగా చెప్పండి: "ఇంకో రెండు ముద్దలు" అన్న మాటే ఆయనకు ఇప్పుడు సరిపడని పదార్థం.

వెన్నెల_77
రాయుడు గారు, ఇది చదువుతుంటే ఆసుపత్రిలో ఎందుకు చెప్పలేదా అని ఒళ్లు మండింది. తిన్నాక చెమటలు పడుతుంటే పడుకోబెట్టాలా, కూర్చోబెట్టాలా?

పొట్టలేనిరాయుడు
పడుకోబెట్టండి. నాకు పావుగంట పడుకుంటే తగ్గేది. వెల్లకిలా పడుకుంటే తిన్నది కిందికి జారడం కాస్త నెమ్మదిస్తుంది.

నర్సమ్మ_రిటైర్డ్
అక్కడ కొంచెం ఆగండి రాయుడు గారు. మీకు పొట్ట మొత్తం తీశారా, కొంత ఉంచారా? మొత్తం తీసినవారికి పైత్యరసం పైకి ఎగదన్నకుండా ఆపే కవాటాలేవీ మిగలవు. చదునుగా పడుకుంటే గొంతు వరకు చేదు ఎక్కుతుంది, ఒక్కోసారి ఊపిరితిత్తుల్లోకీ పోతుంది. తలవైపు ఎత్తుగా పెట్టి వాలుగా ఉంచాలి. రాత్రి పడుకోవడానికి రెండు మూడు గంటల ముందే తినడం ఆపాలి. అన్నవాహిక ఆపరేషన్ అయినవారికి ఈ మాట మరీ ముఖ్యం.

పొట్టలేనిరాయుడు
పావు వంతు ఉంచారు. అయితే నా పేరు అబద్ధమే లెక్క. "ముప్పావు పొట్టలేనిరాయుడు" అని మార్చుకోవాలి.

కందిరీగ
ఇక్కడికి వచ్చిన ప్రతివారికీ "ఆరుసార్లు తినండి" అని అట్ల కర్ర తిప్పినట్టు తిప్పుతారు. మా అన్నయ్యకూ పొట్ట పూర్తిగా తీశారు. ఏడాది దాటాక రోజుకు మూడుపూటలే తింటున్నాడు, పైన చిన్న చిరుతిండి. ఉద్యోగానికి వెళ్తున్నాడు. అందరినీ జీవితాంతం పథ్యపు రోగులుగా కూర్చోబెట్టడం ఎందుకు?

నర్సమ్మ_రిటైర్డ్
మీ అన్నయ్య విషయం నమ్ముతాను. పేగు కొంత సాగుతుంది, అలవాటు పడుతుంది. కానీ అది నెలల పని. వెన్నెల గారి నాన్నగారు ఇంకా మొదట్లోనే ఉన్నారు. మొదటి నెలల్లో బరువులో పదో వంతు నుంచి ఐదో వంతు వరకు పోవడం ఈ ఆపరేషన్‌లో తరచూ చూసేదే. ఆ తర్వాత ఒకచోట నిలబడుతుంది. నిలబడిన బరువు కారణం లేకుండా మళ్లీ జారడం మొదలుపెడితే అప్పుడు కంగారు పడాలి, వెంటనే డాక్టరుకు చెప్పాలి. మింగేటప్పుడు మొదట గట్టి పదార్థం, తర్వాత మెత్తనిది, ఆ తర్వాత నీళ్లు కూడా అడ్డుపడుతుంటే కలిపి కుట్టిన అతుకు దగ్గర దారి సన్నబడి ఉండవచ్చు. ఎండోస్కోపీతో దాన్ని వెడల్పు చేస్తారు. పెద్ద ఆపరేషన్ కాదు, కానీ ఆలస్యం చేయకూడదు.

చిట్కాల_చెట్టు
ఇంత హడావుడి ఎందుకండి? కోత పడిన పేగుకు విశ్రాంతి కావాలి. వారం రోజులు పండ్లరసాలు మాత్రమే ఇవ్వండి. లోపల శుభ్రమై ఆకలి దానంతట అదే పుడుతుంది. మా పెద్దలు చేసింది ఇదే.

పొట్టలేనిరాయుడు
డంపింగ్ ఉన్న మనిషికి పండ్లరసం! పీచు తీసేసిన తియ్యటి నీళ్లు అవి. ఆయన్ను నేరుగా బాత్‌రూములోనే కూర్చోబెట్టి ఇవ్వండి, కనీసం నడక తప్పుతుంది.

మధ్యాహ్నం_రెండు
చెట్టు గారు, ఒంట్లో కండ కరిగిపోతున్న మనిషికి ఉపవాసం చెప్పకండి. దయచేసి.

నర్సమ్మ_రిటైర్డ్
"పేగుకు విశ్రాంతి" అన్నది పెద్దల మాటే కాదు, డాక్టర్లూ దశాబ్దాల పాటు అదే నమ్మారు. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో పేగు ఆపరేషన్ అయినవారికి ముక్కులో గొట్టం, నోటికి తాళం. వాయువు పోయేదాకా చుక్క నీరు ఇచ్చేవారు కాదు. పొద్దున్నే రౌండ్లలో పెద్ద సర్జన్ నుంచి చిన్న విద్యార్థి వరకు అందరిదీ ఒకటే ప్రశ్న: "పోయిందా?" ఎంతో హుందాగా బతికిన పెద్దమనుషులు తెల్ల దుప్పటి గడ్డం దాకా లాక్కుని "ఇంకా లేదండి" అని నేరం చేసినవారిలా చెప్పేవారు. పోయిన రోజు వార్డంతా పండగే.

తర్వాత పద్ధతి మారింది. డెన్మార్క్ సర్జన్ హెన్రిక్ కెలెట్ 1990ల్లో ఈ ఆచారాలను ఒక్కొక్కటిగా ప్రశ్నించారు. గొట్టం అందరికీ అవసరమా? ఇన్ని సెలైన్లు ఎందుకు? అంత మార్ఫిన్ ఎందుకు? నిజానికి ఆపరేషన్ తర్వాత చిన్నపేగు కొన్ని గంటల్లోనే కదలడం మొదలుపెడుతుంది. జీర్ణాశయానికి ఒకటి రెండు రోజులు పడుతుంది. అందరికన్నా బద్ధకస్తురాలు పెద్దపేగు, దానికి రెండు మూడు రోజులు, ఒక్కోసారి ఇంకాస్త ఎక్కువ. ఆ చివరిదాని కోసం మొదటిదాన్ని పస్తు పెట్టేవాళ్లం! ఇప్పుడు చాలాచోట్ల ఆపరేషన్ మరునాటికే నోటితో మొదలుపెడతారు, మంచం దించి నడిపిస్తారు. సెలైన్ అతిగా ఎక్కితే పేగు గోడ నీరు పట్టి ఉబ్బుతుంది, కదలిక ఇంకా ఆలస్యమవుతుంది. మార్ఫిన్ జాతి మందులు నొప్పితో పాటు పేగునూ నిద్రపుచ్చుతాయి. అందుకే నొప్పికి ఇతర మందులు కలిపి దాని మోతాదు తగ్గిస్తారు.

పిల్లకాలువ
ఇన్నాళ్లూ చదివి వెళ్లిపోయేదాన్ని, ఇప్పుడు అడగక తప్పడం లేదు. వచ్చే నెల నాకు పెద్దపేగు కుడివైపు భాగం తీస్తారు. ముందు రోజు రాత్రి నుంచి మంచినీళ్లు కూడా ముట్టకూడదని ఒకరు, రెండు గంటల ముందు వరకు తాగవచ్చని ఇంకొకరు అంటున్నారు. తర్వాత చూయింగ్ గమ్ నమలమంటారట, నిజమేనా లేక నన్ను ఆట పట్టిస్తున్నారా?

నర్సమ్మ_రిటైర్డ్
మామూలు నియమం ఇది: గట్టి ఆహారం ఆరు గంటల ముందు ఆపాలి, పాలు కలపని తేటనీరు వంటివి రెండు గంటల ముందు వరకు తాగవచ్చు. కానీ మధుమేహం, కడుపు నెమ్మదిగా ఖాళీ కావడం, పేగులో అడ్డు వంటివి ఉంటే లెక్క మారుతుంది. మీకు మత్తు ఇచ్చే డాక్టరు మాటే ఆఖరు మాట.

గమ్ నిజమే. నమిలితే తిండి వస్తోందనుకుని మెదడు పేగుకు కబురు పంపుతుంది, రసాలు ఊరతాయి. లాభం ఉంటే కొద్దిగా ఉంటుంది, ముందే తినడం మొదలుపెట్టినవారిలో అదీ తక్కువే. చవకైన పని, హాని లేదు కాబట్టి చేయిస్తారు.

కందిరీగ
చక్కెర లేని గమ్ ఎక్కువ నమిలితే అందులోని తీపి మందే విరేచనాలు పట్టిస్తుంది. అది కూడా చెప్పండి.

నర్సమ్మ_రిటైర్డ్
చెప్పారుగా. ఈసారి మీతో ఏకీభవిస్తున్నాను, తేదీ రాసి పెట్టుకోండి.

గళ్ళనుడికట్టు
పైన అందరూ పొట్ట గురించే మాట్లాడుతున్నారు, కింది అంతస్తు వాళ్లనూ కాస్త పట్టించుకోండి. నాది పురీషనాళం క్యాన్సర్. ముందు రేడియేషన్, తర్వాత ఆపరేషన్, కొన్నాళ్లు పొట్ట పక్కన మలం చేరే సంచీ, ఆ తర్వాత సంచీ తీసి కలిపారు. కలిపిన రోజు "ఇక మీ పాత జీవితం మీకు వచ్చేసింది" అన్నారు. ఎవరి జీవితమో తెలియదు గానీ నాది కాదు.

పొద్దున టిఫినయ్యాక ఒకసారి వెళ్తాను. అయిపోయిందనుకుని చేతులు కడుక్కుని తలుపు గడియ మీద చెయ్యి వేస్తాను, మళ్లీ పిలుపు. కూర్చుంటాను, వేలెడంత కూడా రాదు. లేస్తాను, చొక్కా సర్దుకుంటాను, మళ్లీ. అందుకే లోపల ఒక అరలో పెన్సిలు, గళ్ళనుడికట్టు పుస్తకం పెట్టుకున్నాను. అడ్డం, నిలువు రెండూ పూర్తయ్యే రోజులున్నాయి. ఆ తర్వాత రెండు రోజులు అసలేమీ ఉండదు. బయటికి వెళ్లేముందు దారిలో మరుగుదొడ్లు ఎక్కడెక్కడ ఉన్నాయో చూసుకోకుండా అడుగు బయట పెట్టను.

దీనికి ఒక పేరుందని చాలా ఆలస్యంగా తెలిసింది: లార్స్. పురీషనాళం కింది భాగం తీసేశాక వచ్చే లక్షణాల మూట. డెన్మార్క్‌వారే 2012లో దీనికి ఐదు ప్రశ్నల కొలత తయారుచేశారు. మొత్తం 42 మార్కులు, 30 గానీ అంతకు మించి గానీ వస్తే తీవ్రం. చదువుకునే రోజుల్లో ఏ పరీక్షలోనూ రానన్ని మార్కులు నాకు ఇందులో వచ్చాయి.

కందిరీగ
అది ఏడాదిలో దానంతట అదే సర్దుకుంటుందని మా డాక్టరు అన్నారు.

గళ్ళనుడికట్టు
కొందరికి సర్దుకుంటుంది. మొదటి ఏడాదిలోనే ఎక్కువ మెరుగు కనబడుతుంది, రెండో ఏడాదిలోనూ కొంత. కానీ అతుకు మలద్వారానికి ఎంత దగ్గరగా ఉంటే అంత కష్టం, దానికి రేడియేషన్ తోడైతే మరీను. "దానంతట అదే" అన్న మాట విని ఊరికే కూర్చుంటే నా వంటివారికి పుస్తకాలు అయిపోతాయి గానీ పని అవ్వదు.

వెన్నెల_77
మరి మీరేం చేశారు? మా పిన్నికి కూడా ఇదే ఉందేమోనని అనుమానం వస్తోంది. పెళ్లిళ్లకు పిలిస్తే ఏదో వంక చెప్పి మానేస్తోంది. మేమంతా ఆవిడకు పొగరు అనుకున్నాం.

గళ్ళనుడికట్టు
అడిగి చూడండి, కానీ ఒంటరిగా ఉన్నప్పుడు అడగండి.

నాకు పనికొచ్చినవి చెబుతాను. నీటిలో కరిగే పీచు, ఇసబ్‌గోల్ వంటిది, కొంచెంతో మొదలుపెట్టి పెంచాను. ముక్కలు ముక్కలుగా వచ్చేది ఒక్కటిగా రావడం మొదలైంది. ప్రయాణం ఉన్న రోజు డాక్టరు చెప్పిన మోతాదులో విరేచనాలు తగ్గించే లోపెరమైడ్ మందు, అదీ తినడానికి అరగంట ముందు. తిన్న వెంటనే పెద్దపేగు సహజంగా కదులుతుంది కాబట్టి టిఫిను తర్వాతి సమయాన్ని దానికే కేటాయించాను, ఆ గంటలో ఎవరికీ ఫోను ఎత్తను. కాళ్ల కింద చిన్న పీట వేసుకుంటే మోకాళ్లు పైకి వచ్చి దారి తిన్నగా అవుతుంది.

అన్నిటికన్నా ఎక్కువ మేలు చేసింది ఫిజియోథెరపీ. మలద్వారం చుట్టూ, కటి అడుగున ఉండే కండరాలను బిగించడం, వదలడం. బిగించడం అందరూ నేర్పుతారు, వదలడం నేర్పేవారే తక్కువ. వీటితో లొంగకపోతే కింది నుంచి గోరువెచ్చని నీటితో పేగు కడుక్కునే పరికరం ఉంది. ఒకసారి కడిగితే చాలాసేపు ప్రశాంతంగా ఉంటుందట. దానికి శిక్షణ కావాలి, అతుకు గట్టిపడిందని సర్జన్ చెప్పాలి. ఇంట్లో సొంత ప్రయోగం చేయకూడదు.

సంచీమనిషి
నాకు ఇంకా సంచీ ఉంది, చిన్నపేగు చివర్లో పెట్టినది. ఇలియోస్టమీ. కలపడానికి కీమో అయ్యేదాకా ఆగాలన్నారు. నా బాధ వేరు. నీళ్లు ఎంత తాగినా దాహం తీరదు, సంచీ మాత్రం గంటకోసారి నిండుతుంది. కాళ్లు పట్టేస్తున్నాయి. లేచి నిలబడితే కళ్లు బైర్లు కమ్ముతున్నాయి.

చిట్కాల_చెట్టు
నీళ్లు ఇంకా ఎక్కువ తాగండి. కనీసం నాలుగైదు లీటర్లు. నీటిని మించిన మందు లేదు.

నర్సమ్మ_రిటైర్డ్
వద్దు! సంచీమనిషి గారు, పై సలహా పాటించకండి. మంచినీళ్లు ఎంత తాగితే సంచీలోకి అంత పోతుంది, పోతూ పోతూ ఒంట్లోని ఉప్పును వెంటబెట్టుకుని పోతుంది. దాంతో దాహం ఇంకా పెరుగుతుంది, మీరు ఇంకా తాగుతారు. మీ కాళ్లు పట్టేయడం, కళ్లు బైర్లు కమ్మడం అందుకే.

రోజుకు మన ఒంట్లో ఊరే రసాలు, తాగేది కలిపి ఎనిమిది తొమ్మిది లీటర్ల ద్రవం చిన్నపేగులోకి వస్తుంది. ఎక్కువ భాగాన్ని అదే పీల్చుకుంటుంది. చివర మిగిలే లీటరు, లీటరున్నరను పెద్దపేగు పీల్చుకుంటుంది. మీకు ఆ పెద్దపేగు దారిలో లేదు. కుదుటపడిన ఇలియోస్టమీ నుంచి రోజుకు అర లీటరు నుంచి లీటరు దాకా రావడం మామూలే. లీటరున్నర దాటుతుంటే అది అతి, రెండు లీటర్లంటే మూత్రపిండాలకే ముప్పు.

కొలగిన్నె తెచ్చుకుని 24 గంటల లెక్క రాయండి. మంచినీళ్లు, టీ, రసాలు తగ్గించి ఉప్పు, గ్లూకోజ్ కలిసిన ద్రావణం రోజంతా గుటకలుగా తాగండి. ఇలాంటివారికి వాడే ద్రావణంలో లీటరు నీటికి 20 గ్రాముల గ్లూకోజ్, 3.5 గ్రాముల ఉప్పు, 2.5 గ్రాముల వంటసోడా ఉంటాయి. కంటిచూపు లెక్కన కాదు, తూకం వేసి కలపాలి. గుండె జబ్బో, మూత్రపిండాల జబ్బో, రక్తపోటో ఉంటే అడగకుండా మొదలుపెట్టకండి. అయినా ఈ లక్షణాలతో మీరు ఇక్కడ రాస్తూ కూర్చోకూడదు. ఈరోజే వెళ్లి రక్తంలో సోడియం, మెగ్నీషియం, మూత్రపిండాల పనితీరు చెప్పే క్రియాటినిన్ చూపించుకోండి.

సంచీమనిషి
బయలుదేరుతున్నాను.

వేదిక_నిర్వాహకుడు
చిట్కాల చెట్టు గారి వ్యాఖ్యలో అమ్మకపు లింకు ఉన్నందున ఆ భాగం తొలగించాను. సలహాలు చెప్పవచ్చు, డబ్బాలు అమ్మకూడదు.

చిట్కాల_చెట్టు
అమ్మకం కాదండి, సేవ.

మధ్యాహ్నం_రెండు
నా భార్యకు క్లోమం తల భాగం తీశారు, విపుల్ ఆపరేషన్ అంటారు. ఆవిడ సమస్య చెప్పుకోవడానికి ఆవిడకు సిగ్గు, కాబట్టి అనుమతి తీసుకుని నేనే రాస్తున్నాను. మలం పాలిపోయి, జిడ్డుగా, నీటి మీద తేలుతూ ఉండేది. ఎన్ని నీళ్లు కొట్టినా పోదు. వాసన సంగతి చెప్పను. తిండి బాగానే తింటుంది, బరువు మాత్రం కరిగిపోతోంది. తిన్న కొవ్వు అరగకుండా బయటికి వచ్చేస్తోందని అప్పుడు తెలిసింది. క్లోమం నుంచి రావలసిన ఎంజైములు చాలడం లేదు.

క్యాప్సూల్స్ రాశారు. కానీ చీటీ మీద "భోజనం తర్వాత ఒకటి" అని ఉంది, ఇచ్చినవేమో తక్కువ బలం రకం. అలా వాడితే మార్పు ఏమీ లేదు. ఇంకో చోట చూపిస్తే ఆహార నిపుణురాలు తల పట్టుకున్నారు. ఎంజైము తిండితో కలిసి దిగాలి. తినడం అయ్యాక వేసుకుంటే అది వెళ్లేసరికి తిండి దాటిపోతుంది. ఇప్పుడు భోజనానికి కొవ్వును అరిగించే లైపేజ్ ఎంజైము 50,000 యూనిట్లు, చిరుతిండికి 25,000. పళ్లెం పక్కన చిన్న మూతలో క్యాప్సూల్స్ పెట్టుకుంటుంది. మొదటి ముద్దతో ఒకటి, సగంలో ఇంకొకటి. వేడి వేడి పానీయంతో మింగదు, వేడికి ఎంజైము పాడవుతుంది. నమలకూడదు కూడా. వారాల్లోనే మలం మునగడం మొదలైంది. మా ఇంట్లో ఇలాంటి శుభవార్త చెప్పుకుంటామని పెళ్లినాడు అనుకోలేదు.

పొట్టలేనిరాయుడు
మాకూ కొందరికి ఇవి పనికొస్తాయి. పొట్ట తీసినవారిలో క్లోమం ఉన్నా తిండి, ఎంజైము ఒకచోట కలవక కొవ్వు పోతుంది. వెన్నెల గారు, నాన్నగారి మలం తేలుతోందా గమనించండి.

కందిరీగ
ఆ క్యాప్సూల్స్ పంది క్లోమం నుంచి చేస్తారు. శాకాహారులకు ముందే చెప్పాలి కదా? మా బంధువుకు ఎవరూ చెప్పలేదు. తెలిశాక ఆయన బాధ చూడలేకపోయాం.

మధ్యాహ్నం_రెండు
నిజం, చెప్పాలి. మాకూ చెప్పలేదు. మేము ఆలోచించుకుని వాడుతున్నాం. మీ బంధువు ఏం చేశారు?

కందిరీగ
కొన్నాళ్లు మానేశారు, ఎండిపోయారు. తర్వాత ఆయన గురువుగారే మందుగా పుచ్చుకోమన్నారు. ఇప్పుడు వేసుకుంటున్నారు. ముందే చెప్పి ఉంటే ఆ నెలలు మిగిలేవి.

పిల్లకాలువ
కుడివైపు పేగు తీస్తే నాకు వీటిలో ఏది వస్తుంది? చదువుతుంటే భయం పెరుగుతోంది.

నర్సమ్మ_రిటైర్డ్
భయపడకు తల్లీ, ఈ చర్చలో ఉన్నవన్నీ ఒకరికే రావు. ఏ భాగం తీశారన్నదాన్ని బట్టి ఏ ఇబ్బంది వస్తుందో ఉంటుంది. నీకు కుడివైపు పేగుతో పాటు చిన్నపేగు చివరి ముక్క కొంచెం పోతుంది. పైత్యరసాన్ని తిరిగి పీల్చుకునేది ఆ ముక్కే. అది తగ్గితే పైత్యం పెద్దపేగులో పడి నీళ్ల విరేచనాలు పట్టిస్తుంది. చాలామందికి మొదటి వారాల్లో పలుచగా అయి, తర్వాత దానంతట అదే గట్టిపడుతుంది. నెలలు గడిచినా తగ్గకపోతే "పైత్యం వల్ల కావచ్చా" అని నువ్వే అడుగు. పైత్యాన్ని పట్టి ఉంచే కొలెస్టిరమైన్ అనే పొడి ఉంది. అడగకపోతే చాలాసార్లు ఎవరికీ తట్టదు.

ఇంటికి వచ్చాక ఈ రెండూ గుర్తుంచుకో. మొదటి రెండు వారాల్లో జ్వరం, నాడి వేగం, పెరిగే కడుపునొప్పి వస్తే అతుకు కారుతోందేమో చూడాలి. ఎప్పుడైనా సరే, ఏళ్ల తర్వాతైనా, కడుపు ఉబ్బి, వాంతులు అవుతూ, వాయువు కూడా పోకపోతే పేగు మెలిపడి గానీ అతుక్కుపోయి గానీ అడ్డుపడి ఉండవచ్చు. ఆ రాత్రి చిట్కాలతో గడపకు, అత్యవసర విభాగానికి వెళ్లు.

సంచీమనిషి
చేర్చుకున్నారు. సోడియం, మెగ్నీషియం రెండూ పడిపోయాయట. సెలైన్ పెట్టారు, తినడానికి ముందు వేసుకోమని లోపెరమైడ్ రాశారు. నర్స్ వచ్చి "మంచినీళ్లు ఎక్కువ తాగుతున్నారా" అని అడిగినప్పుడు నవ్వు వచ్చింది. సంచీ ఇప్పుడు చిక్కగా నిండుతోంది.

గళ్ళనుడికట్టు
మంచి మాట. పుట్టగొడుగులు, కొబ్బరి, మొక్కజొన్న వంటివి మాత్రం తగ్గించి, బాగా నమిలి తినండి. స్టోమా, అంటే పొట్ట మీద సంచీ తగిలించే రంధ్రం, దగ్గర ఉండ కట్టి అడ్డుపడతాయి. నాకు కొబ్బరితో అయింది, ఆ రాత్రి పగవాడికి కూడా వద్దు.

వెన్నెల_77
ఇంట్లో ఆరుపూటల పద్ధతి మొదలైంది. అమ్మ మొదట అలిగింది. తర్వాత చిన్న గిన్నెలు విడిగా పెట్టి గడియారం చూసి తనే ఇస్తోంది. చెమటలు బాగా తగ్గాయి, ఆయన నిన్న తనంతట తనే పెరుగు అడిగారు. ఇప్పుడు కొత్త గొడవ. బి12 ఇంజెక్షన్ రాశారు. రక్తపరీక్షలో బి12 మామూలుగానే ఉంది కదా, ఇంజెక్షన్ ఎందుకని బాబాయి అడ్డు చెబుతున్నారు.

నర్సమ్మ_రిటైర్డ్
బి12 ఒంటికి పట్టాలంటే జీర్ణాశయం తయారుచేసే ఒక పదార్థం తోడు కావాలి. పొట్టే లేదు కాబట్టి ఆ పదార్థం ఇక రాదు. ఇప్పుడు పరీక్షలో కనబడేది కాలేయంలో ఉన్న పాత నిల్వ. అది కొన్నేళ్లు వస్తుంది, తర్వాత అయిపోతుంది. అయిపోయాక కాళ్లు తిమ్మిర్లు, రక్తహీనత, మతిమరుపు. నరాలకు ఒకసారి దెబ్బ తగిలితే పూర్తిగా కోలుకుంటాయన్న హామీ లేదు. జీవితాంతం తీసుకోవాలి. ఇంజెక్షన్ అంటే భయమైతే ఎక్కువ మోతాదు మాత్రలూ ఉన్నాయి, డాక్టరుతో మాట్లాడండి. ఐరన్, కాల్షియం, విటమిన్ డి కూడా చూపించండి.

వెన్నెల_77
కాల్షియం మాత్రలు ఇంట్లో ఉన్నాయి, కార్బొనేట్ అని రాసి ఉంది. అవి చాలా?

పొట్టలేనిరాయుడు
కార్బొనేట్ కరగడానికి ఆమ్లం కావాలి, నాన్నగారికి అది లేదు. సిట్రేట్ రకం అడగండి. ఐరన్ మాత్ర, కాల్షియం మాత్ర ఒకేసారి వేయకండి, రెండింటికీ మధ్య కనీసం రెండు గంటలు ఉండాలి. ఒకదాన్ని ఒకటి అడ్డుకుంటాయి.

కందిరీగ
ఆ సిట్రేట్ మాత్రలు ఎంతెంత ఉంటాయో చూశారా? గుర్రానికి వేసేవి మనిషికి ఇస్తున్నారని అన్నయ్య రోజూ తిడతాడు.

మధ్యాహ్నం_రెండు
నమిలేవి, పొడి రూపంలోవి కూడా దొరుకుతాయి. కొనేముందు అందులో చక్కెర ఎంత ఉందో చూసుకోండి.